పాదాల పలక

ఆ వీధిలో అందరూ ఆవిడను మెకానిక్కమ్మ అనే పిలుస్తారు. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని పాతికేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తోంది. ఎవరు ఏ డొక్కు పట్టుకొచ్చినా కాదనదు. అలాంటి మనిషి, ఆ శనివారం పొద్దున సంచీతో గుమ్మంలో నిలబడ్డ ఆడపడుచును చూసి, చేతిలోని స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అయిపోయింది.

ఆడపడుచు అంటే భర్తకు అక్క. ఆసుపత్రి వర్క్‌షాపులో, మామూలు చెప్పులు పనికిరాని పాదాలకు బూట్లు కుడుతుంది. రాకపోకలు ఉన్నాయి, పలకరింపులు ఉన్నాయి. కానీ ఏడేళ్ళుగా ఆవిడ పాడైన వస్తువేదీ ఈ బల్ల మీద పెట్టలేదు. ఎందుకో మెకానిక్కమ్మకు తెలుసు. తెలియనట్టే నెట్టుకొచ్చింది.

వర్క్‌షాపులో ఒక పలక ఉంది. రోగి దాని మీద ఉత్తకాళ్ళతో నిలబడితే, పాదంలో ఏ చోట ఎంత బరువు పడుతోందో తెర మీద రంగుల్లో కనబడుతుంది. ఆ పలక తీగ పేకముక్కంత కార్డుకు తగులుకుని ఉంటుంది, ఆ కార్డు ల్యాప్‌టాప్ పక్కనున్న గాడిలో దూరాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ గాడే లేదు. ఉన్న పాతది మొన్న పూర్తిగా చచ్చింది. స్టోర్‌రూమంతా గాలిస్తే దాని ఈడుదే ఇంకొకటి దొరికింది గానీ, అందులో కార్డు పనిచేయడం లేదు. కొత్త పలక రావడానికి ఏడాది పడుతుందన్నారు. ఈలోపు ఒక పోస్ట్‌మాన్‌కు అరికాలి పుండు మూడోసారి తిరగబెట్టింది. షుగరు వల్ల అతని కాలికి స్పర్శ లేదు, ఎక్కడ ఒత్తుకుంటోందో అతను చెప్పలేడు. ఆ పలకే చెప్పాలి.

"ముగ్గురికి చూపించాను. పారెయ్యమన్నారు" అంది ఆడపడుచు, రెండు ల్యాప్‌టాప్‌లూ పలకా ఉన్న సంచీ బల్ల మీద పెడుతూ.

మెకానిక్కమ్మ చచ్చిన ల్యాప్‌టాప్ విప్పి డిస్కు బయటికి తీసింది. దాని మీద అంటించిన చీటీలో తన చేతిరాతే ఉంది. ముందు దాన్ని మొత్తం ఇంకో డిస్కులోకి నకలు తీసింది. గంట పైగా పట్టింది. ఆడపడుచు కుర్చీలో కూర్చుని, తెచ్చుకున్న తోలుముక్క అంచులు కత్తితో చెక్కుకుంటూ ఉంది.

డిస్కు రెండో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది. ఆ పాతకాలపు సిస్టమ్ మూలుగుతూ మూలుగుతూ లేచింది. కార్డు దూర్చగానే రెండు కూతలు వినబడ్డాయి: మొదటిది సన్నగా, రెండోది బొంగురుగా. రెండూ సన్నగా వస్తే కుదిరినట్టు. రెండోది బొంగురుపోతే, కార్డును గుర్తుపట్టింది గానీ నడపలేకపోయిందని అర్థం. తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. అదే బొంగురు. కార్డును నడిపే ప్రోగ్రామ్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. అదే బొంగురు. మధ్యాహ్నం దాటిపోయింది.

ఇలాంటప్పుడు ఆవిడ చేసే పని ఒకటుంది. డిస్కులో ఉన్నదంతా తుడిచేసి, సిస్టమ్‌ను మొదటినుంచీ ఎక్కించడం. చేతులు అటే పోతున్నాయి. ఆపుకుంది.

"వదినా, అంతా తుడిచేసి మొదలుపెడితే కుదరొచ్చు. కానీ మీరు చెప్పకుండా ముట్టుకోను." తెరకేసే చూస్తూ అంది: "ఏడేళ్ళ కిందట మీరు దీన్ని తెచ్చినప్పుడు చెప్పకుండానే ముట్టుకున్నాను. డిస్కు పాడైపోయిందని మీకు చెప్పాను కదా. అది పాడవలేదు. తొందరలో నకలు తీయకుండా నేనే తుడిచేశాను."

ఆ తుడిచివేతలో తొమ్మిదేళ్ళుగా తీసిన రోగుల కొలతలన్నీ పోయాయి. ఆడపడుచు వాళ్ళందరినీ మళ్ళీ పిలిపించి, ఒక్కొక్కరి పాదం కొలుచుకోవాల్సి వచ్చింది. కొందరు రానేలేదు.

ఆడపడుచు కత్తి పక్కన పెట్టింది. "తెలుసమ్మాయ్. పాడైందన్న డిస్కే కదా ఏడేళ్ళు పనిచేసింది. తుడిచేశావని కాదు నా బాధ. చేతిలో పని చెడిపోవడం నాకు తెలీదా, ఎన్ని బూట్లు చెడగొట్టలేదు! నాతో అబద్ధమాడావు చూడు, అది మింగుడుపడలేదు."

"అడిగెయ్యాల్సింది."

"నువ్వే చెబుతావనుకున్నాను. ఇంతకాలం పడుతుందనుకోలేదు."

మెకానిక్కమ్మ లేచి వెళ్ళి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. వచ్చేసరికి ఆడపడుచు చచ్చిన ల్యాప్‌టాప్‌ను తిరగేసి చూస్తోంది. దానికి ఫోను తీగ తగిలించే చోట ఖాళీ కన్నం ఉందని, పలక బిగించడానికి వచ్చినాయన అప్పట్లో అందులోంచి ఏదో ముక్క పీకేశాడని, ఎందుకని అడిగితే రెంటికీ పడదన్నాడని చెప్పింది.

రెంటికీ పడదు. మెకానిక్కమ్మ గబగబా సిస్టమ్‌లో జాబితా తెరిచింది. సిస్టమ్‌ను పలకరించడానికి ఒక్కో పరికరానికి ఒక్కో నంబరు ఉంటుంది. ఈ ల్యాప్‌టాప్‌లో పుట్టుకతో ఉన్న, ఫోను తీగ తగిలించే మోడెమూ (ఆయన పీకేసిన ముక్క అదే), పలక కార్డూ ఒకే నంబరు కోసం కొట్టుకుంటున్నాయి. కార్డుకు ఆ నంబరు తప్ప ఇంకొకటి గిట్టదు. ల్యాప్‌టాప్ ఆపి, మళ్ళీ వేసేటప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి మోడెమ్‌ను కట్టేసింది. కార్డు దూర్చింది. సన్నగా ఒక కూత, సన్నగా ఇంకొకటి.

"ఎక్కు" అంది ఆడపడుచు, పలకను నేల మీద పెడుతూ.

మెకానిక్కమ్మ చెప్పులు విడిచి ఎక్కి నిలబడింది. తెర మీద రెండు పాదాలు పచ్చగా, పసుపుగా విచ్చుకున్నాయి. ఎడమ మడమ మాత్రం ఎర్రగా మండుతోంది. బల్ల దగ్గర గంటల తరబడి ఒంటికాలి మీద బరువేసి నిలబడతావా అని ఆడపడుచు అడిగింది. అవునో కాదో మెకానిక్కమ్మకే తెలియదు.

ఆ మరుసటి వారం పోస్ట్‌మాన్ ఆ పలక ఎక్కాడు. బొటనవేలి కింద, ఎవరూ అనుకోని చోట, ఒత్తిడి తేలింది. ఆడపడుచు ఆ చోట తోలు తవ్వి మెత్తటి దిండు పెట్టి బూటు కుట్టింది. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అతను మాత్రం బూట్లు బరువుగా ఉన్నాయని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడట.

ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజు ఆడపడుచు సంచీలో వర్క్‌షాపు ప్రింటరు కూడా ఉంది. కాగితం ఇరుక్కుంటోందని బల్ల మీద పెట్టి, వంటింట్లోకి నడిచింది.