పదకొండు మూటలు

గ్రనడా కోటను శత్రువులైన క్రైస్తవ రాజులకు అప్పగించక తప్పదని తేలిపోయిన చలికాలమది. అన్యుల కాళ్ళకింద తాతముత్తాతలను వదిలి వెళ్ళడానికి సుల్తానుకు మనసొప్పలేదు. కోటలోని రాచసమాధులన్నీ తవ్వించి, ఎముకలను కొండల్లోని మొందూహర్ పల్లెకు పంపించాడు. వాటిని చేర్చి మళ్ళీ పాతిపెట్టే పని సమాధుల తోటమాలి ఇద్రీస్ నెత్తిన పడింది.

ఇద్రీస్‌కు చదువు రాదు. ఏ రాయి కింద ఎవరున్నారో తెలుసు గాని, అంతేసి రాళ్ళను కంచరగాడిదలు ఎక్కడ మోస్తాయి? అందుకని ఒక ఉపాయం పన్నాడు. పదకొండు మందిని పదకొండు తెల్లగుడ్డల్లో మూటగట్టి, మొదటి సుల్తానుకు ఒక ముడి, తర్వాతి ఆయనకు రెండు, అలా వేసుకుంటూ పోయాడు. ఆఖరి మూట దగ్గర గుడ్డ చాలక తన తలపాగానే చించాడు.

ఎనిమిదో మూట మీద మరింత శ్రద్ధ పెట్టాడు. అది రాణివాసపు పెద్దావిడ బుసైనా భర్తది. గద్దెక్కిన నాలుగు నెలలకే ఆయన్ను సొంత తమ్ముడు చంపించాడు. ఆ తమ్ముడిది తొమ్మిదో మూట. "ఆయన పక్కన నాకూ కాస్త చోటు ఉంచు ఇద్రీస్. నాకిక మిగిలింది అదొక్కటే" అని బుసైనా మరీమరీ చెప్పింది.

మొందూహర్‌లో గుంతలు సిద్ధంగా ఉన్నాయి. మంచులో నడిచి కాళ్ళు కొయ్యబారిన ఇద్రీస్, మూటలను కాస్త చూస్తుండమని ఆ ఊళ్ళో శవాలకు స్నానం చేయించే హమ్దూన్‌కు చెప్పి, వేడి జావ తాగడానికి వెళ్ళాడు. హమ్దూన్ మహా భక్తుడు, ఊరికే కూర్చోవడం అతని ఒంట్లో లేదు. ఇద్రీస్ మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి మూటలన్నీ గుంతల్లోకి దిగాయి, పైన మట్టి కూడా పడింది.

ఇద్రీస్ గుంతల దగ్గరికి పరుగెత్తాడు. "ముడులేం చేశావురా?"

"ముడులతో ఎవరైనా పూడుస్తారా? అన్నీ విప్పేశా. అందరినీ కుడిపక్కకి, మక్కా వైపు తిప్పి పడుకోబెట్టా. ఒకదానికైతే ఎన్ని ముడులో! ఏ పనీపాటా లేనోడు కట్టాడో గాని, వేళ్ళు వాచిపోయాయి."

"ఆ పనీపాటా లేనోణ్ణి నేనే! ఏ మూట ఏ గుంతలో పెట్టావ్?"

"ఏది చేతికొస్తే అది."

తిట్టడానికీ లేదు. సమాధిలో దించాక ముడులు విప్పడం ఆచారం. అది ఇద్రీస్‌కూ తెలుసు. మళ్ళీ తవ్వుదామంటే, ఒకసారి కదిపినందుకే ఊరంతా దేవుడికి భయపడుతోంది. పైగా ముడుల్లేని ఎముకల్లో ఎవరు ఎవరో ఎవరు చెప్పగలరు?

మర్నాడే బుసైనా వచ్చింది. "మావారు ఎక్కడ?"

ఇద్రీస్ దాచలేదు. జావ దగ్గర్నుంచి ముడుల దాకా అంతా చెప్పేసి, తల వంచుకు నిలబడ్డాడు.

"అంటే మావారెక్కడో, ఆ తమ్ముడెక్కడో ఎవరికీ తెలీదన్నమాట."

"తెలీదమ్మగారూ."

"రేపు ఆ శత్రువులొచ్చి, ఏది ఏ సుల్తానుదో చెప్పమని చితకబాదినా?"

"చంపినా చెప్పలేనమ్మా."

బుసైనా ఫక్కున నవ్వింది. "ఒక్క గద్దె కోసం జుట్లు పట్టుకుని ఊరు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఎవరు ముందో ఎవరు వెనకో ఆ దేవుడే తేల్చుకోవాలి. బతికిపోయావు పో, నీ మీద కోపం లేదు."

ఇద్రీస్‌కు కొండంత బరువు దిగినట్టయింది. "మరి మీ చోటమ్మా?"

"ఎక్కడో ఓచోట తవ్వు. ఆయనకి దగ్గర్లోనే అవుతుందిలే."

ఆవిడ మొదటి సమాధి దగ్గర కూర్చుని, ఇందులో ఉన్నవారి పాపాలు క్షమించమని వేడుకుంది. రెండోదాని దగ్గరా అదే, మూడోదాని దగ్గరా అదే. ఏది వదిలితే అది ఆయనదే అవుతుందేమోనన్న భయంతో ఒక్కటీ వదల్లేదు. పదకొండోదాని దగ్గర లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"ముప్పై ఏళ్ళుగా ఆ తమ్ముడికి ఒక్క ప్రార్థన దక్కనివ్వలేదు ఇద్రీస్. ఇవాళ వాడి కోసం కూడా అడిగేశాను. హమ్మయ్య, ఇక మొయ్యక్కర్లేదు."