సంచిలో ఉత్తరం, సంచిలో దక్షిణం

మా ఆయన పోనిజాన్‌కి కుడి ఎడమలు తెలియవు. ఎగతాళికి అనడం లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు, అయినా తెలియవు. మా జోగ్జా ఊళ్లో ఆ వయసువాళ్లు చాలామంది అంతే. వాళ్లకి వాటితో పని పడలేదు. ఉత్తరాన కొండ ఉంది, దక్షిణాన సముద్రం ఉంది, మధ్యన పుట్టినవాడికి ఏ దిక్కు ఎటో ఒకరు చెప్పాలా? మా అత్తగారైతే నాచేత వీపు గోకించుకునేటప్పుడు కూడా "కాస్త తూర్పుకే అమ్మా, ఆఁ, ఇంకాస్త దక్షిణానికి" అనేది.

ఫోనులో దారి చెప్పే ఆ ఆడమనిషి గొంతు చేరేదాకా అంతా బాగానే ఉంది.

"రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి" అంటుంది ఆవిడ. వెంటనే మా ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి, గాల్లో అన్నం ముద్ద కలిపి చూసుకుంటాడు. కలిపింది కుడిచెయ్యి, కాబట్టి మిగిలింది ఎడమ. ఈ లెక్క తేలేలోపు మలుపు వెనకపడిపోతుంది. చివరికి ఆవిడ మాట వినడం మానేసి తెర మీద బాణం గుర్తు చూడటం అలవాటు చేసుకున్నాడు. మలుపొస్తే చాలు, తల ఫోనులోనే.

పోయిన నెలలో అలాగే చూస్తూ వెళ్లి సోటో పులుసు అమ్మే తోపుడుబండిని గుద్దాడు. పన్నెండు గిన్నెలు పగిలాయి. పులుసంతా మా వ్యాను ముక్కు మీద పడింది. అదృష్టం బాగుండి మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని బూ అనీ పిలవడం మా మర్యాద. ఆ బండతను ఆ మర్యాద తప్పకుండానే "ఆకలేస్తే ఆగి అడగొచ్చు కదా పాక్, ఇంత తొందరేమిటి!" అన్నాడట. పేటంతా ఆ మాట చెప్పుకుని పడీ పడీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. రోజూ పొద్దున అదే వ్యానులో ఏడుగురు చిన్నపిల్లలు బడికి వెళ్తారు. ఆ గిన్నెలున్న చోట ఒక పిల్ల నిలబడి ఉంటే?

బడి పెద్ద పంతులమ్మ బూ నస్తితికి కూడా నవ్వు రాలేదు. నేరుగా మా ఇంటికే వచ్చింది.

"పాక్ పోనిజాన్, సోమవారం నుంచి కొత్త కాలనీ పిల్లల్ని కూడా తేవాలి. ఆ దారి మీకు తెలీదు కాబట్టి ఫోను కావాలి. ఆ రోజు నేను మీ పక్కన కాగితం పట్టుకుని కూర్చుంటాను. మీ కళ్లు మూడుసార్లు ఫోనులోకి పోయాయా, మర్నాటినుంచి పిల్లలు ఇంకొకరి బండి ఎక్కుతారు. నన్ను తప్పు పట్టకండి."

"తప్పేముంది బూ" అన్నాడు ఈయన. ఆవిడ వెళ్లాక అన్నం ముట్టలేదు. పదకొండేళ్లుగా ఆ బడి పిల్లల్ని తిప్పుతున్నాడు. మొదటి సంవత్సరం ఎక్కించుకున్నవాళ్లకి ఇప్పుడు మీసాలొచ్చాయి, అయినా రోడ్డు మీద కనిపిస్తే "తాతా!" అని కేక వేస్తారు. ఆ కేక లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు.

సరే, నేనే ఏదో ఒకటి చెయ్యాలి. ముందు కుడిచేతి మణికట్టుకి ఎర్రదారం కట్టాను. రోడ్డు వదిలేసి దారం చూశాడు. తర్వాత నేనే పక్కన కూర్చుని వేలితో దారి చూపించాను. వేలు చూశాడు.

"పక్నే, ముందు చూడండి!" అన్నాను. మొగుడూ పెళ్లాం మేం ఒకరినొకరం పక్నే, బునే అనే పిలుచుకుంటాం.

"నువ్వు చూపిస్తుంటే చూడకపోతే ఎలా బునే?" అని నా మొహంలోకి తిరిగి మరీ అడిగాడు. ఎదురుగా వస్తున్న లారీ హారను కొట్టింది కాబట్టి బతికాం.

"దిక్కులు చూడకండి మహానుభావా!"

అలా అరిచాకే నాకు బుర్ర వెలిగింది. ఈయన దిక్కులు చూడకూడదు, అంతే కదా. వినొచ్చు. ఫోనులో ఆవిడకి దిక్కులు రావు, నాకొచ్చు.

ఏర్పాటు ఇది. ఆయన ఫోను గుడ్డసంచిలో పెట్టి ఆయన సీటు వెనక తగిలిస్తాం. చెయ్యీ అందదు, కన్నూ పడదు. ఆయన బండి ఎక్కడుందో నా ఫోనులో చుక్కలా కనిపిస్తుంది. నేను బండిలో కూర్చుంటే ఒక పిల్లకి చోటు పోతుంది కాబట్టి ఇంట్లోంచే కాల్ చేసి దారి చెప్తాను.

"మీరు మాత్రం బదులు పలకడానికి లేదు. వినడమే మీ పని" అన్నాను.

"ముప్పై రెండేళ్లుగా నా పని అదేగా" అన్నాడు.

సోమవారం పొద్దున ఫోనుని మిరపకాయల సీసాకి ఆనించి, మూకుట్లో సోయాగింజల టెంపే ముక్కలు వేసి మొదలుపెట్టాను. "ఉత్తరానికి పోనివ్వండి... ఇంకా ఉత్తరానికే... మసీదు దాటాక తూర్పుకి." అటువైపు పిల్లల నవ్వులు వినిపించాయి.

"తాతా, సంచిలో అవ్వ ఉంది!" అంది కిరాన అనే పిల్ల. ఐదేళ్లు దానికి, గొంతు మాత్రం చేపలమ్మేవాళ్ల గొంతు.

మాట ఇచ్చినట్టే ఆయన నోరు మెదపలేదు. చుక్క నేను చెప్పిన చోటల్లా తిరిగింది. నలుగురు పిల్లలెక్కారు, ఐదో పిల్లాడెక్కాడు. నాకు గర్వం వచ్చింది. గర్వం వస్తే ఏమవుతుందో అదే అయింది.

"బునే, ముందు పెళ్లిపందిరి వేశారు. దారి మూసేశారు" అన్నాడు.

వేరే దారి వెతుకుదామని నూనెచేత్తో తెర మీద నొక్కాను. పటం గిర్రున తిరిగిపోయింది. పైన ఉండాల్సిన కొండ పక్కకొచ్చింది, నా ఇల్లే తలకిందులైంది. "పడమరకి... కాదు, ఆగండి, దక్షిణానికి..." అన్నాను. ఇటు మూకుడు పొగలు కక్కుతోంది. ఆ తర్వాత నా నోట మాట రాలేదు. మా కాపురంలో ఇలా జరగడం మొదటిసారి.

అటు హ్యాండ్‌బ్రేక్ లాగిన చప్పుడు, ఇంజను ఆగిన చప్పుడు. అయిపోయింది, ఇప్పుడు వెనక్కి తిరిగి సంచిలో చెయ్యి పెడతాడు అనుకున్నాను.

"పాక్, ఎడమకి సందుంది. నా ఫోనులో చూపిస్తోంది. ఎడమకి తిప్పండి" అంది బూ నస్తితి.

గాల్లో ముద్ద కలుపుతున్నాడని నాకు తెలుసు. తర్వాత బండి తలుపు తెరుచుకుంది, ఆయన దిగాడు.

"అన్నా, కొత్త కాలనీకి ఎటు పోవాలి?"

"వెనక్కి ఉత్తరానికెళ్లి, బట్టీ దగ్గర తూర్పుకి తిరుగు" అని పందిట్లోంచి ఎవరో అరిచారు. "ఆ ఎడమ సందులోకి మాత్రం పోవద్దు, చివర కాలవే. నిన్న ఒకడు ఫోను చెప్పిందని దిగాడు, తాళ్లేసి లాగాం. లోపలికి రా, నాలుగు మెతుకులు తిని పో!"

"పిల్లలున్నారన్నా" అన్నాడు మా ఆయన. ఆ మాట విన్నాక నా గుండె కుదుటపడింది.

బడి దగ్గర బండి ఆగేదాకా నేను ఫోను పెట్టలేదు. టెంపే అప్పటికే బొగ్గయింది.

"ఎన్నిసార్లు బూ?" అని మా ఆయన అడిగాడు.

కాగితం రెపరెపలాడింది. కిరాన ఆగలేకపోయింది.

"తాత ఒక్కసారీ ఫోను చూడలేదు. బూ గురూనే దారంతా చూశారు!"

పిల్లలందరూ "అవును! అవును!" అని గోల చేశారు.

"నిజమే పాక్" అంది బూ నస్తితి చివరికి. "మీరు దారి తప్పుతారేమోనని నా ఫోను చూస్తూ కూర్చున్నాను. మీ కళ్లు ఎటున్నాయో చూడనేలేదు. కాగితం ఖాళీ. రేపు మామూలు టైముకే రండి. నేనెప్పుడు బండెక్కినా నా ఫోను కూడా ఆ సంచిలోనే వేస్తాను" అంది.

ఇంటికొచ్చి కూర్చుని మాడిన టెంపే కిమ్మనకుండా తిన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఎన్ని ముక్కలు తింటాడా అని చూస్తున్నాను.

"ఉప్పేదీ బునే?"

"మీ కంచానికి తూర్పున."

చెయ్యి సూటిగా సీసా మీదకే వెళ్లింది. కళ్లు మాత్రం నా మొహం మీంచి కదల్లేదు. ఈసారి నేను ముందు చూడమని చెప్పలేదు.