సైకిలు ముందు మనిషి

ఆ ఊరికి ఆత్మకూరు రెండు కోసుల దూరం. ఊరు మొత్తానికి సైకిలు ఒక్కటే. అది గడీలో చిన్నదొరది. గద్వాల దాకా రైల్లో వచ్చింది. అక్కడి నుంచి పుట్టిలో కృష్ణ దాటించి, బండిలో గడ్డి పరిచి ఊరికి తెచ్చారు. ఆకుపచ్చ రంగు, తోలు సీటు, హ్యాండిలు మీద మెరిసే గంట. సీమ దేశాల్లో లడాయి మొదలయ్యాక టైర్లు దొరకడం మానేశాయి. అప్పటి నుంచి దానికి గడీలో వేరే అర్ర ఇచ్చారు. తొక్కనప్పుడు ఎవరూ తాకకుండా పైన దుప్పటి కప్పేవారు.

పెద్దదొర కచ్చడం బండిలో బయలుదేరితే ముందు ఒక మనిషి ఉరకాలి. దారిలో ఉన్నవాళ్లను కేకేసి తప్పించాలి. తాతల నాటి నుంచి అది కింది వాడలో ఉన్న ఇళ్ల వంతు. ఎద్దుల ముందు ఉరకడం కష్టమే గాని మనిషి చేయగలిగిన పనే. ఎద్దులకూ అలుపు వస్తుంది, ఎక్కడో ఒకచోట నిలబడతాయి. సైకిలుకు ఆ అలుపు లేదు. చిన్నదొర తన సైకిలుకు కూడా ముందు మనిషి కావాలన్నాడు.

మొదట బాలన్నను పెట్టారు. బాలన్న మొదటి రోజే కంపలో పడ్డాడు. చిన్నదొర బెల్టు తీసి కొట్టి, వాణ్ణి గొడ్లకొట్టంలో పేడ తీసే పనికి తోశాడు. తర్వాత శాంతయ్య వచ్చాడు. శాంతయ్య పడలేదు. సన్నటి మనిషి, పొడుగాటి కాళ్లు. అప్పటి నుంచి చిన్నదొర అతన్ని తప్ప ఇంకొకరిని పిలవలేదు.

శిస్తు లెక్కలు చూసే గిర్దావర్ సాబు జమాబందీ పనికి వచ్చినప్పుడు తన సైకిలు మీదే వచ్చాడు. సాయంత్రం అతనూ చిన్నదొరా గడీ అరుగు మీద కూర్చున్నారు. శాంతయ్య వాకిటి అంచున, పిలుపు వినిపించేంత దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"నాకు పొద్దుగాల సవారీ ఇష్టం దొరా," అన్నాడు గిర్దావర్. "కొత్తకోట నుంచి వస్తుంటె గాలి వెనుక నుంచి తోస్తది. కాళ్లు ఊరికె పెట్టుకొని కూసోవాలె. మరి మీకు?"

"నాకు ఒక్కన్నే పోతె సప్పగుంటది సాబ్," అన్నాడు చిన్నదొర. "ముందట మనిషి ఉండాలె. మా గుట్ట దిగుడు ఉన్నది గదా, ఆడ వాని మడిమెకు నా చక్రానికి జానెడు జాగ ఉంచుత. గంట కొడితె వాడు ఎగురుతడు. మల్ల కొడితె ఇంకింత ఎగురుతడు. ఆ మజా దేంట్ల ఉంటది చెప్పండి!"

"దిగుట్ల సైకిలుకు ముందట మనిషా? నేను నమ్మ."

"రేపు పొద్దుగాల నా వెనుక రండి, చూద్దురు. ఏం రా శాంతిగా, ఉరుకుతవా?"

"ఉరుకుత దొరా."

"చూసిండ్రా? గుర్రానికైతె దాణా పెట్టాలె. వీనికి అది గుడ లేదు."

ఇద్దరూ నవ్వారు. శాంతయ్య కూడా కొంచెం నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి అతని భార్య జమ్ములమ్మ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతున్నది. శాంతయ్య పొయ్యి ముందు కూర్చుని, "గిర్దావర్ సాబు ముందట నా ముచ్చట చెప్పిండు దొర," అన్నాడు.

"ముచ్చట చెప్పిండా, గంట కొట్టిండా?"

"రేపు గుట్ట దిగుట్ల సాబుకు చూపెట్టాల్నంట."

జమ్ములమ్మ రొట్టె తీసి పక్కన పెట్టింది. "పొద్దున బూడిదల ఉమిసినవు. నేను చూడలేదనుకుంటున్నవా? ఎర్రగ ఉండె."

శాంతయ్య పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు.

"రేపు పడు," అన్నది ఆమె.

"ఏంది?"

"ఇసుక మలుపు కాడ పక్కకు పడు. సాబు ముందట దొర పరువు పోతది. కొడతడు. కొట్టనీ. మల్ల నిన్ను ముందట పెట్టడు."

"మా నాయిన కచ్చడం ముందట కృష్ణ దాక ఉరికేటోడు. ఒక్కనాడు పడలే."

"మీ నాయిన వెనుక ఎద్దులుండె. అవ్విటికి కండ్లుండె."

"పదిమంది చూస్తుంటె పడాల్నా జమ్మీ?"

"బాలన్న పడలేదా? దెబ్బలు మానినయి. ఇప్పుడు పేడ తీస్తుండు, బుక్క నోట్ల పెట్టుకుంటె మింగుతుండు. నువ్వు మింగుతున్నవా? రెండు బుక్కలకే దగ్గొస్తది నీకు. గిట్లనే ఉరికితె సచ్చిపోతవు. నువ్వు సచ్చిపోయినంక, మస్తు ఉరికెటోడని చెప్తరు. నేనది విననీకి బతకాల్నా?"

అతను రొట్టె తుంచాడు. సగం తిని, దగ్గు వచ్చి ఆగిపోయాడు. మిగిలిన సగం ఆమె వైపు జరిపాడు.

"ఇసుక కాడనేనా?" అని అడిగాడు.

"ఆడనే. మెత్తగుంటది."

మర్నాడు జమ్ములమ్మ గుట్ట కింద దొర వేరుశనగ చేనులో కలుపు తీస్తున్నది. పక్కింటి ముసలమ్మ ఏసమ్మ, ఇంకా కొందరు ఆడవాళ్లు ఆ సాళ్లలోనే ఉన్నారు. అక్కడి నుంచి దిగుడు మొత్తం కనిపిస్తుంది. దారి పైనుంచి తిన్నగా వచ్చి, మధ్యలో ఒక మలుపు తిరిగి వాగులోకి దిగుతుంది. మలుపుకు ఒక పక్క ఇసుక మేట, ఇంకో పక్క బండలు.

మొదట శాంతయ్య కేక వినిపించింది. "దొర వస్తుండు, తప్పుకోండీ!" దారిలో ఎవరూ లేరు. అయినా కేకేయాలి. తర్వాత గంట వినిపించింది. ముందు శాంతయ్య, అతని వెనుకనే చిన్నదొర, బాగా వెనుక గిర్దావర్. చిన్నదొర ఒకసారి వెనక్కి తిరిగి, "చూస్తుండ్రా సాబ్?" అని అరిచాడు. రోజూ ఉంచే జానెడు జాగ కూడా ఆ రోజు ఉంచలేదు.

జమ్ములమ్మ చేతిలో గడ్డి అలాగే ఉంది. ఏసమ్మ, "ఏందే, అట్ల చూస్తున్నవు?" అన్నది. జమ్ములమ్మ లేచి నిలబడింది.

మలుపు దగ్గర శాంతయ్య ఇసుక వైపు ఒరిగాడు. ఒరగడానికి అడుగు అడ్డంగా వేయాలి. ఆ అడుగు వేసేంత చోటు లేదు. ముందు చక్రం అతని రెండు కాళ్ల మధ్య దూరింది. గంట ఒకసారి మోగి ఆగింది. చిన్నదొర సీటు మీద నుంచి ఎగిరి ఇసుక మేటలో పడ్డాడు. శాంతయ్యను సైకిలు ఇంకో పక్కకు ఈడ్చుకుపోయి బండల మీద పడేసింది.

జమ్ములమ్మ సాళ్లకు అడ్డంగా పరుగెత్తింది. ఆమె వెళ్లేసరికి చిన్నదొర లేచి ఇసుక దులుపుకుంటున్నాడు. శాంతయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగి, లోపలి ఎముక తెల్లగా కనిపిస్తున్నది.

గిర్దావర్ సైకిలు దిగి, "దెబ్బేమన్న తాకిందా?" అన్నాడు.

"ముందర చక్రం పోయింది సాబ్," అన్నాడు చిన్నదొర. సైకిలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రం తిప్పి చూస్తున్నాడు. "పుల్లలు విరిగినయి. టైరు మాత్రం బతికింది."

తర్వాత లేచి శాంతయ్య దగ్గరికి వచ్చి, వంకర తిరిగిన కాలును బూటు కొనతో కదిపాడు. శాంతయ్య అరిచాడు.

"నిన్నటి దాక పడనోనివి, సాబు ముందట పడ్డవు. కావాల్ననే పడ్డవు రా."

"లేదు దొరా... కాలు జారింది."

చిన్నదొర బెల్టు తీసి రెండు దెబ్బలు వేశాడు. మూడోదానికి జమ్ములమ్మ అడ్డం పడింది. దెబ్బ ఆమె వీపు మీద పడింది. అతనికి అలుపు వచ్చిందో, సాబు చూస్తున్నాడని తోచిందో, బెల్టు మళ్లీ నడుముకు పెట్టుకున్నాడు.

"దీన్ని ఆత్మకూరు తీసుకపోవాలె. వంకర చక్రం దొర్లదు, బండి కుదుపుకు ఇంకింత వంగుతది, మొయ్యాలె. ఇయ్యాల వంతు ఎవరింటిది?"

జమ్ములమ్మ వెనుకే వచ్చిన ఏసమ్మ, మిగతా ఆడవాళ్లు తలలు వంచుకున్నారు.

"వీని ఇంటిదే గదా. వీడు పండుకున్నడు. నువ్వు మొయ్యి."

"మోస్త దొరా," అన్నది జమ్ములమ్మ. "జర ఈయనను ఇంట్ల ఏసి వస్త. కట్టు కట్టేటాయనకు చెప్పి, ఎనుకకే వస్త."

"అందాక ఇది ఎండల ఉంటె టైరు పగులుతది."

ఏసమ్మ శాంతయ్య తల తన ఒళ్లో పెట్టుకున్నది. "నువ్వు పో బిడ్డా. కట్టు కట్టేటాయనను పిలిపిస్త. నేనుంట," అన్నది. ఆడవాళ్లు కొంగు చుట్ట చుట్టి జమ్ములమ్మ నెత్తిన పెట్టి, సైకిలు ఎత్తారు. శాంతయ్య కళ్లు తెరిచి ఆమెను కింది నుంచి పైకి చూశాడు.

"పడ్డ గదా, జమ్మీ," అన్నాడు మెల్లగా.

ఆమె తల వంచి చూడలేకపోయింది. వంచితే సైకిలు జారుతుంది.

రెండు కోసులు నడిచింది. మధ్యలో దించడానికి మనిషి తోడు లేడు. దించితే మళ్లీ ఒక్కతే ఎత్తలేదు. పెడలు భుజానికి తగిలి తోలు ఊడింది. చిన్నదొర, గిర్దావర్ గడీ నుంచి తెప్పించుకున్న కచ్చడంలో ఆమెను దాటి ముందే వెళ్లిపోయారు. గిర్దావర్ సైకిలు కచ్చడం వెనుక కట్టి ఉంది.

ఆత్మకూరులో లతీఫ్ మియా సైకిళ్లు బాగుచేస్తాడు. సైకిలు దించి, ఆమెకు ముంతతో నీళ్లు పోశాడు. "ఎట్లయిందమ్మా?" అని అడిగాడు. "మనిషి మీద ఎక్కింది," అన్నది. "మనిషో?" "కాలు విరిగింది. నా మొగడు." లతీఫ్ సైకిలును దుకాణంలోకి లాగాడు. ఆమె తొందరగా ఇల్లు చేరాలని, చేతిలో ఉన్న వేరే పని పక్కన పడేసి దీన్ని పట్టాడు. పుల్లలు మార్చాడు, చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి సరిచేశాడు. పొద్దు వాలకముందే సైకిలు తయారయింది.

చిన్నదొర దుకాణం ముందు ఒక చుట్టు తొక్కి చూశాడు. ముఖం విప్పారింది.

"కచ్చడం వెనుక రానీ. నేను దీని మీదనే పోత," అన్నాడు. ఆ తర్వాత అటూ ఇటూ చూశాడు. "ముందట మనిషి ఏడి?"

కచ్చడం తోలేవాడు నేల చూశాడు. లతీఫ్ పనిముట్లు సర్దుకోసాగాడు. చిన్నదొర చూపు జమ్ములమ్మ మీద ఆగింది.

"ఆడమనిషి గదా," అన్నాడు గిర్దావర్.

"వంతు ఇంటిది సాబ్. మొగనిదని ఎవరన్నరు?" చిన్నదొర నవ్వాడు. "ఏమే జమ్మీ, కొంగు చెక్కుకో."

ఆమె కొంగు నడుముకు చెక్కుకున్నది. మెల్లగా ఉరకాలని అనుకున్నది. మెల్లగా ఉరికితే కోపమొచ్చి కొడతాడు, తర్వాత వదిలేస్తాడు. బాలన్నను వదలలేదా? ఆత్మకూరు దాటేదాకా అలాగే ఉరికింది. చిన్నదొర గంట కొడుతూ, తిడుతూ వచ్చాడు.

కాని దారి ఇంటికి. ఇంట్లో కట్టు కట్టారో లేదో, నీళ్లు ఎవరన్నా ఇచ్చారో లేదో. ముసలి ఏసమ్మకు మగమనిషిని లేపి కూర్చోబెట్టడం చేతకాదు. ఆమె కాళ్లు ఆమెను అడగలేదు. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టి, సైకిలును వెనుక వదిలేసేటట్టు ఉరికింది.

"అరె!" అన్నాడు వెనుక నుంచి చిన్నదొర, సంబరంగా. "ఇది మొగనికంటె మంచిగ ఉరుకుతుంది!"

ఆమె విన్నది. వాగు అవతల వాడ కప్పులు కనిపిస్తున్నాయి. వేగం తగ్గించలేదు.