ఎలాస్టిక్ ఉయ్యాల

కంప్యూటర్ డబ్బా పక్కరేకు విప్పాలి. దుమ్ము దులపాలి. లోపల హార్డ్ డిస్క్‌ను బిగించిన స్క్రూలు తీసెయ్యాలి. రేకుకు తగలకుండా దాన్ని ఎలాస్టిక్ మీద వేలాడగట్టాలి. ఆ తర్వాత పాఠం మళ్ళీ మొదటినుంచి చదివి, సాయంత్రం ఆఫీసు మూసేలోగా పంపాలి.

ఈ పనులన్నీ వేళ్ళు మడుస్తూ చెప్పింది చిన్నకోడలు. పెద్దకోడలికి అక్కడే అనుమానం వచ్చింది.

చూపులేని పిల్లలకు పాఠాలు చదివే గొంతు కావాలని ఒక సంస్థ అడిగితే, పెద్దకోడలు నమూనా పంపింది. "గొంతు బాగుంది, వెనక ఏదో రొద ఉంది. అది లేకుండా పంపండి" అని జవాబొచ్చింది. ఆ రొద హార్డ్ డిస్క్‌ది. అది తిరిగినప్పుడల్లా డబ్బా మొత్తం జుమ్మంటుంది. అంతవరకూ సరే. కానీ అదే పనికి చిన్నకోడలు కూడా దరఖాస్తు పెట్టింది. పోటీలో ఉన్న మనిషి ఎదుటివాళ్ళ దారిలో ముళ్ళు ఏరిపెడుతుందా?

"ఎలాస్టిక్ ఎక్కడిది?"

"మామయ్యగారి పైజామాలోదక్కా. ఆయన పొట్టే దాన్ని పట్టుకుంటోంది, ఇక ఎలాస్టిక్‌తో పనేముంది?"

పెద్దకోడలు నవ్వలేదు. "నీకెందుకింత శ్రమ?"

"ఒకే ఇంట్లో ఉంటూ శ్రమేంటి? ఒక్కటి మాత్రం, నడుస్తున్నప్పుడు దాన్ని కదపకండి."

కదపొద్దందంటే కదిపితే బయటపడేదేదో ఉన్నట్టే, అనుకుంది పెద్దకోడలు. చిన్నకోడలు డిస్క్‌ను వేలాడగట్టడం అయ్యాక స్నానం చేసొచ్చి, తలుపేసుకుని, పాఠమంతా చదివి రికార్డు చేసింది.

డబ్బా కుక్కిన పేనులా పడి ఉంది. సంతోషించాల్సింది పోయి ఆమెకు గుబులు ఎక్కువైంది. చదవడం ముగిసినా డబ్బా మీది చిన్న దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. పాఠం ఎక్కడికైనా పోతోందా? ఇదివరకైతే మోతను బట్టి అది పనిచేస్తోందో పడుకుందో తెలిసేది. ఇప్పుడా ఆనవాలు కూడా లేదు.

ఆగలేక పక్కరేకు లాగింది. అదనపు తీగలేమీ కనబడలేదు. హార్డ్ డిస్క్ మాత్రం ఉయ్యాల్లో పసిబిడ్డలా వేలాడుతోంది. దాని వెనక ఏముందోనని వేలితో ఎత్తి తిప్పింది. ఎలాస్టిక్ జారింది. డిస్క్ రేకుకు కొట్టుకుంది. టక్, టక్ మని, కాసేపటికి అదీ ఆగింది. తెర బిగుసుకుపోయింది. దీపం మిణుకుమన్నది ఆమె పాఠం భద్రమవుతున్నందుకేనని అప్పుడు తట్టింది.

చప్పుడు విని తలుపు తోసుకొచ్చిన చిన్నకోడలు గోడకానుకుని కూలబడింది.

"పోయింది నాది. నీకేమైంది?" అంది పెద్దకోడలు, తేలు కుట్టిన దొంగలా.

"నా పాఠమూ అందులోనే ఉందక్కా. మీరు స్నానానికెళ్ళినప్పుడు చదివి పెట్టుకున్నా. కరెంటు బిల్లుల ఫోల్డర్‌లో."

"బిల్లుల్లో పెట్టడమేంటి?"

"మీకు కనబడితే చెరిపేస్తారేమోనని."

పెద్దకోడలికి కోపం రావాల్సింది. రాలేదు. తనైనా అలాగే దాచుకునేది.

అటక మీద పాత కంప్యూటర్‌లోని డిస్క్ పనికొచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని ఎలాస్టిక్ మీద కట్టారు. అది ముక్కుతూ మూలుగుతూ లేచేసరికి ఒక్కరు చదవడానికే వ్యవధి మిగిలింది.

"నువ్వు చదువు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు ఆమెను ఎగాదిగా చూసింది. "మధ్యలో కావాలని దగ్గరు కదా?"

"దగ్గను. చెడగొట్టింది నేను. చదువు."

"పక్కగదిలో కూర్చోవచ్చుగా?"

"ఎలాస్టిక్ మళ్ళీ జారితే చూసేదెవరు?"

ఆ జవాబు చిన్నకోడలికి పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. అయినా చదివింది. సగంలో పెద్దకోడలికి నిజంగానే గొంతులో గరగర మొదలైంది. అరచెయ్యి నోటికి అడ్డంపెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా, చివరి వాక్యం దాకా బిగబట్టింది. పని చిన్నకోడలికే వచ్చింది.

ఆ పాఠాలు ఎక్కడైనా మీ చెవిన పడితే, చదివినామె గొంతును మెచ్చుకోండి. దగ్గు మింగుకుంటూ పక్కన కూర్చున్న పెద్దకోడల్ని కూడా కాస్త గుర్తుపెట్టుకోండి.