మెంతి మడిలో బొగ్గు తట్ట

నేను ఒక ఇనుప తట్టను. పుట్టిన ఊరి గురించి గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరి చివర ఒక రేకుల షెడ్డులో మందపాటి ఇనుప రేకును గుండ్రంగా కోసి, అచ్చులో పెట్టి గుద్ది, అంచు మడిచి, రెండు వైపులా చెవులు అతికించి నన్ను తయారు చేశారు. ఆ రోజు నాతోపాటు ఇంకా చాలామంది పుట్టారు. వారం తిరక్కుండానే అందరం లారీ ఎక్కి గోదావరి పక్కనున్న ఒక బొగ్గుబావికి చేరాం.

అప్పట్లో బొగ్గును మనుషులే ఎత్తేవారు. పేల్చిన బొగ్గును వెడల్పాటి పారతో నాలోకి తోసి, నన్ను నెత్తిన పెట్టుకుని నడిచి, పట్టాల మీదున్న టబ్బులో కుమ్మరించేవారు. నన్ను అందరికంటే ఎక్కువ కాలం మోసింది ఓదెలు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పైకప్పు కిందికి దిగిన చోట మోకాళ్ళు వంచి, మెడ మాత్రం నిటారుగా ఉంచి నడిచేవాడు. తొమ్మిదేళ్ళు అతని నెత్తే నాకు పీట. తర్వాత యంత్రాలు దిగాయి. ఓదెలును లోపలే, ఊరిన నీళ్ళు తోడే పంపు దగ్గర పనికి మార్చారు. నన్ను పాత ఇనుము కింద అమ్మేశారు. ఒక పాతసామాన్ల దుకాణంలో, సైకిల్ రిమ్ముల కింద బోర్లా పడి ఎన్నేళ్ళున్నానో నాకే తెలియదు.

దసరా అయిన నాలుగో రోజున ఒక ఆవిడ వచ్చి నన్ను బయటికి లాగింది. వెనక్కి తిప్పి, వేలి కణుపులతో అడుగున కొట్టి చూసింది. "బొక్క గిట్ట లేదు గదా?" అని దుకాణంవాణ్ణి అడిగి, బేరమాడి, నెత్తిన పెట్టుకుని గనికార్మికుల కాలనీలోని ఒక క్వార్టర్‌కు తీసుకెళ్ళింది. ఆమె పేరు ఐలవ్వ. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో, రెండు మోకాళ్ళకూ గుడ్డలు చుట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. జుట్టు నెరిసింది, భుజాలు జారాయి, అయినా మెడ మాత్రం నిటారుగానే ఉంది. ఓదెలు!

"ఏందే అది?" అన్నాడు.

"తట్ట. పెంట ఎత్తెతందుకు."

"సగం జిందగీ అదే మోసిన. ఇప్పుడు ఇంట్లకు గూడ తెచ్చినవా?"

"నువ్వు కూసున్నవని తట్ట గూడ కూసోవాల్నా?" అంది ఐలవ్వ.

అతను నన్ను గుర్తుపట్టలేదు. తొమ్మిదేళ్ళు నెత్తిన పెట్టుకున్నదాన్ని కూడా మనుషులు గుర్తుపట్టరు. పోనీలెమ్మనుకున్నాను. చీకట్లోనే కదా మా పరిచయమంతా.

ఆ ఇంటి సంగతి నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. వానాకాలంలో డాక్టర్లు ఓదెలు మోకాళ్ళు చూసి, ఇక బావిలోకి దిగడానికి పనికిరాడని రాసేశారు. అలా రాసినప్పుడు ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇస్తారు. వాళ్ళకు ఒక్కతే కూతురు, మమత. డిగ్రీ చదివింది. తండ్రితో చెప్పకుండా తనే దరఖాస్తు పెట్టుకుంది.

"నాతోనే ఆ బాయి తెగిపోవాలె అనుకున్న," అన్నాడట ఓదెలు.

"నువ్వు చేసిన పనికి నేను పనికిరానా నాయినా?" అందట మమత.

ఆ రోజు నుంచి అతను కూతురితో మాట్లాడటం మానేశాడు. ఆమెకు బావి పైనే, ల్యాంపు రూములో పని ఇచ్చారు. లోపలికి దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చి, పైకొచ్చాక తీసుకోవడం. అది తెలిసినా అతను దిగిరాలేదు. రెండు గదుల ఇంట్లో తండ్రీకూతుళ్ళ మాటలన్నీ ఐలవ్వ మీదుగానే నడిచేవి. "నీ బిడ్డను అన్నం తినుమను," అనేవాడు అతను. "తిన్నానని మీ ఆయనకు చెప్పు," అనేది ఆమె. ఇద్దరి మధ్యా చేయి చాచినంత దూరం. భూమి అడుగున, గాలి ఆడని చోట, తలదీపం ఊపి ఒకరికొకరు సంగతులు చెప్పుకునే మనుషుల్ని చూసినదాన్ని నేను. పైన ఇంత వెలుతురులో వీళ్ళ తిప్పలు చూస్తే వింతగా ఉండేది.

ఐలవ్వ అంగన్‌వాడీలో వంట చేస్తుంది. ఏటా చలికాలం పెరట్లో నాలుగు ఆకుకూరలు వేసేది కూడా ఆమే. ఈసారి గునపం తెచ్చి భర్త కుర్చీకి ఆనించింది.

"ఈసారి తోట నీది," అంది.

"నాకేం ఎరుక? ఒక్క చలికాలమన్న ఇంటెనుక పొద్దు పొడుసుడు చూసిన్నా నేను? చీకట్ల పోవుడు, చీకట్ల అచ్చుడు."

"గందుకే ఇప్పుడు చూడు."

అతను రెండు రోజులు గునపాన్ని చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు పీట వేసుకుని, కూర్చున్నచోటు నుంచే తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరినీ అడగకుండా మెంతులు చల్లాడు, ముల్లంగి గింజలు పెట్టాడు. మెంతులు మొలిచాయి, రెండాకులు వేశాయి, పసుపుబారి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ముల్లంగి అసలు తల ఎత్తలేదు.

"చెప్పిన గదా, నాతోని కాదని," అన్నాడు. గొంతులో కొంచెం తృప్తి కూడా వినిపించింది నాకు.

ఐలవ్వ వంగి, పిడికెడు మట్టి తీసి అతని అరచేతిలో పోసింది. "ఇది మట్టా? అందరి పొయ్యిల బూడిద గీ మూలకే పోస్తరు. నేను ఎప్పుడన్న గీడ విత్తిన్నా? నన్నొక మాట అడిగితే నీ నోరు అరిగిపోవునా?"

అప్పటినుంచి నాకు పని దొరికింది. బూడిదంతా తవ్వి ఎత్తి పోశాం. కాలనీ వెనుక పారే ఒర్రె పక్కనుంచి ఐలవ్వ నల్లమట్టి తెచ్చింది, మేకలవాళ్ళ దొడ్డి నుంచి ఎరువు తెచ్చింది. ఓదెలు నన్ను నెత్తికి ఎత్తలేడు. నా చెవికి తాడు కట్టి, నిండా మట్టి పోసి, గడప దగ్గర నుంచి మడి దాకా ఈడ్చుకుంటూ తీసుకెళ్ళేవాడు. ఒకప్పుడు నెత్తినెక్కి తిరిగినదాన్ని, అతని వెనుకే నేలమీద పాకుతూ వెళ్ళాను. అవమానంగా ఏమీ అనిపించలేదు. బొగ్గు కంటే మట్టి మెత్తన.

కార్తీకంలో మళ్ళీ విత్తారు. ఈసారి అన్నీ అడిగి చేశాడు. ధనియాలను చెప్పు అడుగున నలిపి రెండు బద్దలు చేశాడు. టమాట నారు నాటాడు. చిక్కుడు తీగకు పాత వైరు పందిరి కట్టాడు. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్నే రగ్గు కప్పుకుని మడి దగ్గరికి వచ్చిన ఓదెలు ఒక్కసారిగా కేకేశాడు:

"అగో, మొలిచినయే!"

ఐలవ్వ లోపలెక్కడో ఉంది. కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్న మమతే తల ఎత్తి, చేతుల నురగతోనే రెండడుగులు ముందుకు వేసింది. తన కేక ఎవరికి తగిలిందో చూసుకున్న ఓదెలు గోడ వైపు తిరిగి, గోడలో ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఆగిపోయింది. అక్కడి నుంచే మొలకల్ని చూసి, వెళ్ళి మళ్ళీ బట్టలు ఉతుక్కుంది.

ఆ చలికాలం నేను చూసిన అన్ని కాలాల్లోకీ మంచిది. పొగమంచు గోడల దాకా దిగేది. ఓదెలు మంకీ టోపీ పెట్టుకుని పీట మీద కూర్చుని పొద్దు పొడవడం కోసం కాచుకునేవాడు. ఎండ మొదట చిక్కుడు పందిరి మీద పడి, తర్వాత టమాట ఆకుల మీదికి జారి, చివరికి అతని మోకాళ్ళ మీదికి వచ్చేది. అప్పుడు మోకాళ్ళకు చుట్టిన గుడ్డలు విప్పి ఎండబెట్టుకునేవాడు. ఎన్నేళ్ళుగానో ఆ ఎండ ప్రతి చలికాలం అక్కడికి వస్తూనే ఉంది. తనే లేడు.

మెంతికూర కోతకొచ్చింది. తర్వాత పాలకూర, ముల్లంగి, చిక్కుడు. ప్రతిరోజూ సాయంత్రం ఇంత కోసి నాలో వేసి వంటింటి గడప దగ్గర పెట్టేవాడు. ఎవరి కోసమని చెప్పేవాడు కాదు. పొద్దున మమత టిఫిన్ డబ్బాలోకి అదే కూర వెళ్ళేది. ఒకరోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చి, పెరట్లోకి వినపడేంత గట్టిగా తల్లితో అంది:

"అమ్మా, చిక్కుడుకాయ కూర మా ల్యాంపు రూం అక్కలు నాకు మిగల్చలేదే. రేపు ఇంకింత పెట్టు."

ఆ సాయంత్రం నాలో చిక్కుడుకాయలు గుట్టగా పడ్డాయి. గడప దగ్గర పెడుతున్నప్పుడు అతను ముదిరిన కాయల్ని పక్కకు తీసి లేత కాయల్ని మాత్రం పైన వేశాడు.

పుష్యమాసంలో టమాటలు ఎర్రబారాయి. ఒక మధ్యాహ్నం, మూడున్నర దాటాక, కోతుల గుంపు గోడ ఎక్కి దిగింది. ఒకటి పందిరి మీద ఊగుతోంది, రెండు టమాట చెట్లు పీకుతున్నాయి, ఇంకొకటి కాయను కొరికి, నచ్చక, ఇంకోటి తెంపుతోంది. ఓదెలు చేతికందింది నేనే. నన్ను బోర్లా పట్టుకుని రాయితో ధనధనమని వాయించాడు. బావిలో ఎన్ని మోతలు విన్నానో గానీ, నేనే అంత మోత మోగుతానని అప్పుడే తెలిసింది. కోతులు కాస్త జంకాయి, పోలేదు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి లోపల ముఖం కడుక్కుంటున్న మమత తువ్వాలు మెడలో వేసుకుని పరుగెత్తుకొచ్చింది. గునపం ఎత్తి, గొంతు చించుకుని అరిచింది. ఒక మూల తండ్రి మోత, ఇంకో మూల కూతురి అరుపు. కోతులు గోడ దూకి పారిపోయాయి. ఆ దెబ్బలకే నా అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి బీట పడింది.

ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. మమతకు నవ్వొచ్చింది. ఓదెలు మూతి కూడా నవ్వడానికి సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే ఆమె వంగి, కింద పడ్డ టమాటలు ఏరుతుంటే తువ్వాలు జారింది. జడ కింద, చెవి వెనుక, మెడ బొగ్గు మసితో నల్లగా ఉంది.

ల్యాంపు రూములో కూర్చున్నవాళ్ళకు మెడ మీద ఆ నలుపు అంటదు, బావిలోకి దిగేవాళ్ళకే అంటుతుంది. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. బావి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వచ్చేదేమో. కళ్ళకు కనపడని ఆ ఒక్క చోటును మరిచిపోయింది. అతను చూసిన చూపుకు ఆమె చేయి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది.

ఓదెలు పీట మీద కూర్చుని, పొద్దు గూకేదాకా, విరిగిన కొమ్మల్ని ఒక్కొక్కటిగా ఏరాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మరునాడు మమత డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరేసరికి అతను అప్పటికే పెరట్లో ఉన్నాడు. తెల్లవారింది గానీ ఎండ ఇంకా రాలేదు.

"ఇటు రా బిడ్డా," అన్నాడు.

ఎన్ని నెలలకో పిలిచాడు. ఆమె వచ్చి మడి గట్టు మీద నిలబడింది.

"బాయిల దిగవట్టి ఎన్ని దినాలయింది?"

"వారం."

"ఏం పని?"

"మూడో బొగ్గు పొరల... పంపు కాడ." ఆమె సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఆర్డర్ అచ్చింది నాయినా. నీకు చెప్పాలంటే భయమయింది."

"నాకూ భయమే. గందుకే మాట్లాడలే," అన్నాడు ఓదెలు. పాలకూర మడిలో గడ్డి మొక్కనొకదాన్ని పీకి పక్కన పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ పంపు నేను నడిపిందే. సప్పుడు మారిందంటే చెత్త ఇరికినట్టు, ముందు బంద్ జెయ్యి, తరువాత చూడు. నడిచేటప్పుడు ముందటోళ్ళ దీపం చూడకు, నీ కాళ్ళు చూసుకో. పైన బండ పటపటమంటే ఏందని నిలవడి వినకు, ఎనుకకు రా. సామాను పోతే పోనీ. ఒక్కదానివే కూసుంటే నిద్రస్తది, లేచి నిలవడు. ఆడి నీళ్ళు చలికాలం ఎచ్చగుంటయి, చేతులు కొంకర్లు పోతే అండ్ల పెట్టు."

తొమ్మిదేళ్ళు అతని నెత్తిన ఉన్నాను. ఇన్ని మాటలు ఒక్కసారి అతని నోట నేనెప్పుడూ వినలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఐలవ్వ కూడా వినలేదేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మమత బస్సు తప్పిపోతుందని కూడా చూసుకోకుండా అంతా వింది. "సరే నాయినా," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "మధ్యాహ్నం అచ్చినంక ఇంకా చెప్పు," అంది.

ఆ మధ్యాహ్నం చెప్పాడు. మరునాడూ చెప్పాడు.

ఇప్పుడు చలి తగ్గుతోంది. మెంతులు పూతకొచ్చాయి, ముల్లంగి ముదిరింది. బీట పడ్డ నన్ను పారేయకుండా మట్టి నింపి పుదీనా నాటారు. నీళ్ళు పోస్తే ఎక్కువైనవి ఆ బీటలోంచి కారిపోతాయి. కుండీకి అదే మంచిదని ఐలవ్వ అంది. ఆదివారాల్లో తండ్రీకూతుళ్ళు బెండ, గోరుచిక్కుడు కోసం మడులు తిరగవేస్తున్నారు. చేతులు మట్టిలో, మాటలు బావిలో. ఆమె అడుగుతుంది, అతను చెబుతాడు. కొన్నిసార్లు ఆమె, "నాయినా, ఇప్పుడు గట్ల లేదు, మారింది," అంటుంది. అతను ఒప్పుకోడు, వాదిస్తాడు. లోపల అన్నం చల్లారిపోతుంటుంది. ఐలవ్వ మూడుసార్లు పిలిచినా ఇద్దరిలో ఒక్కరికీ వినపడదు.