ఆకలి సీసాలు

నూజివీడు పక్కన పద్దెనిమిదెకరాల చిన్నరసాల మామిడి సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతియైన బసవపున్నారావు గారు ఒక్క చెట్టునూ, ఒక్క గేదెనూ, ఒక్క చుట్టాన్నీ ఆకలితో ఉంచి ఎరుగరు. ఆకు పాలిపోతే యూరియా, మనిషి పాలిపోతే ముద్దపప్పు. ఆయన వైద్యశాస్త్రం అంతటితో సమాప్తం.

అటువంటి ప్రభువు తోటలోని సిమెంటు తొట్టిలోకి కన్నకూతురు హరిచందన పన్నెండు సీసాల సముద్రాన్ని తెచ్చి దింపింది. తుఫాను వెలిసిన మర్నాడు బందరు తీరాన పడవెక్కి పట్టిన నీళ్లవి. సీసాలకు ఎండ తగలాలి, చుట్టూ చల్లటి నీరుండాలి. హాస్టల్లో అది కుదరదట. ఆమె పీహెచ్‌డీ చివరి అధ్యాయమంతా వాటిమీదే ఆధారపడి ఉంది. పాడైతే మళ్లీ అలాంటి తుఫాను రావలసిందే.

కంటికి ఆనని మొక్కలు ఆ నీళ్లలో తేలుతుంటాయనీ, ప్లాంక్టన్ అనే ఆ మొక్కలూ, బ్యాక్టీరియాలూ ఒకే నత్రజని కోసం పోటీపడతాయనీ ఆమె తండ్రికి విడమరిచింది. ఆరు సీసాలకు నత్రజని కొలిచి పెట్టింది. తక్కిన ఆరింటికీ ఏమీ పెట్టలేదు. కరువులో ఎవరిది పైచేయో చూడాలట.

పున్నారావు గారికి ఆ పూట అన్నం సహించలేదు. తన తొట్టిలో, తన కళ్లెదుట, ప్రాణమున్నవి పస్తులుండటమా? మర్నాడు పొద్దున కూతురు స్నానానికి వెళ్లిన అదను చూసి, ఎరువుల గదికి వేంచేసి, సీసాకు రెండేసి పలుకుల యూరియా ప్రసాదించి, సత్రం ప్రారంభించిన ధర్మప్రభువులా చేతులు దులుపుకున్నారు.

మూడో రోజుకు నీళ్లు లేతపచ్చగా తిరిగాయి. ఆయన మురిసిపోయారు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆ పచ్చదనం చిక్కబడి గోధుమరంగులోకి దిగింది. అడుగున జిగట పేరుకుంది. ఒక మూత వదులు చేయగానే కుళ్లు వాసన తోటలోకి పాకి, గాలిలేక, అక్కడే నిలబడిపోయింది.

హరిచందన సీసాను ఎండకెత్తి చాలాసేపు చూసింది.

"పెట్టినవీ పెట్టనివీ ఒక్కలాగే అయ్యాయి నాన్నా. అంటే తీరంలో నత్రజని ఇప్పటికే మితిమీరి ఉంది. అక్కడా నీళ్లు ఇలాగే కుళ్లి, ప్రాణవాయువు తరిగి, ఇంకో వారంలో చేపలు చచ్చి తేలతాయి."

వెంటనే గైడుగారికి ఫోన్ చేసింది. ఆయన అవతల కంగారుపడిపోయారు. అధికారులకు ఈ క్షణమే రాస్తాననీ, వేట ఆపించాలనీ, నివేదిక ఆమె పేరుతోనే పోవాలనీ అన్నారు. ఒక్క ముక్క చెబితే చాలు, అంతా ఆగేది. అయితే తప్పు ఒప్పుకోవడం ప్రభువులకు అలవాటు లేని విద్య. పున్నారావు గారు కండువాతో మెడ తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఈ సీసాలు ల్యాబుకు పంపమంటున్నారు," అంది హరిచందన ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని. "నత్రజని చేపల చెరువులదా, ఎరువుదా, అదీ తేలుతుందట."

"రెండు పలుకులైనా తేలుతుందామ్మా?"

ఆమె చేయి ఫోన్‌తో సహా మెల్లగా కిందికి దిగింది.

"ఎన్నింట్లో వేశావు నాన్నా?"

"అన్నింట్లోనూ. పంక్తిలో భేదం చూపకూడదు కదమ్మా."

ఆమె మోకాలి దగ్గర వేలాడుతున్న ఫోన్లోంచి, మెయిల్ వెళ్లిపోయిందనీ, అధికారులు అప్పుడే పడవలను వెనక్కి పిలుస్తున్నారనీ, ఆమెకు అభినందనలనీ, ఒక చిన్న గొంతు ఉత్సాహంగా చెబుతూనే ఉంది.