పైపు నీళ్ళు సన్నబడ్డాయి

తేంగాయితిట్టు చేపల హార్బరు గట్టు మీద జనమంతా బోట్ల ముందరి బొట్లూ దండలూ చూస్తుంటే, కీర్తిక మాత్రం చిన్నదురై బోటు పక్కన, నీటికి జానెడు పైన ఉన్న ఇనప పైపును చూస్తోంది. లోపలికి పీల్చిన సముద్రపు నీళ్ళు ఇంజిన్ వేడిని మోసుకుని అందులోంచే బయటపడాలి. దబదబా పడుతున్నాయి. అయినా ఆమెకు కాలు నిలవడం లేదు.

చేపల వేట నిషేధం ముగిసింది. తెల్లవారుతూనే హార్బరంతా పూజలు. ఆమె భర్త నరేంద్రన్ ఆ బోటులో ఇంజిన్ చూసుకుంటాడు. కింద ఇంజిన్ గదిలోకి దిగేముందు చెవిలో చెప్పి వెళ్ళాడు: "వేడి చూపించే ముల్లు లేచేది నాకు కనిపిస్తాది. కానీ నీళ్ళు ఆగినాక శానాసేపటికి గానీ అది లెయ్యదు. నువ్వు ఈడ్నే నిలబడి పైపు చూడు కీర్తీ."

నిరుడు నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం రెక్కలు ఊడిపోయి ఇంజిన్ వేడెక్కి బిగుసుకుపోయింది. అదీ సరిగ్గా హార్బరు ముఖద్వారం దగ్గర. అలలు బోటును రాళ్ళ కట్ట మీదికి తోస్తుంటే, వెనకొచ్చినవాళ్ళు తాడు విసిరి లాగబట్టి మనిషి ఇంటికొచ్చాడు. అప్పటినుంచి అతను సముద్రంలో ఉన్నన్నాళ్ళూ కీర్తిక స్టవ్ ఆపిందో లేదో రెండుసార్లు చూసుకుంటుంది.

ఈ నిషేధంలో అతను చల్లబరిచే సామానంతా విప్పి మిద్దె మీదికి తెచ్చాడు. సన్న గొట్టాల కట్టలో ఉప్పు పెచ్చులు కట్టింది. చింతపండు పులుసులో నానబెట్టి, కమ్మీతో పొడిచి, ఒక్కో గొట్టాన్ని ఎండకేసి చూపిస్తే, అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించేదాకా కీర్తిక ఒప్పుకోలేదు. "ఇది ఇంకోసారి" అనేది. "నేను పని నేర్చిన షెడ్డు ఫోర్‌మన్ కంటే నువ్వే ఘోరం" అని అతను మళ్ళీ పొడిచేవాడు. పులుసు కలిపిన ఆమె తెల్ల బకెట్టు ఇక తెల్లబడలేదు. కొత్త రబ్బరు చక్రం వేశాడు. అంతా బాగానే ఉంది. బాగానే ఉందని తెలిసినా ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూనే ఉంది.

"ఏమ్మే, దేవుడి పక్క చూడకుండా ఆ తూము పక్కేంది చూపు? పూలు ఎయ్యి" అంది అత్త మునెమ్మ, బుట్ట ముందుకు తోసి.

కీర్తిక రెండు దోసిళ్ళు విసిరింది, పైపు నీళ్ళు ఇలాగే పడాలని మొక్కుకుంటూ. పక్క బోట్ల ఆడవాళ్ళూ విసిరారు. దండలు, విడిపూలు, తెగిన తులసి. బోట్లు కదిలి తిరుగుతుంటే ఆ పూలన్నీ నీళ్ళలో చిలికినట్టు సుడులు తిరిగి మునిగాయి. చిన్నదురై చుక్కాని చక్రం పట్టుకుని హారన్ కొట్టాడు. బోటు గట్టు వదిలింది.

కీర్తిక గట్టు వెంబడే నడిచింది. మొదట అనుమానమనుకుంది. ధార బొటనవేలంత అయింది. ఇంకో నాలుగు బారలు నడిచేసరికి చిటికెనవేలంత. పైగా ఆగి ఆగి పడుతోంది, ట్యాంకులో నీళ్ళు అయిపోయేముందు కుళాయి దగ్గినట్టు.

ఫోన్ చేసింది. నరేంద్రన్ ఎత్తలేదు. ఆ మోతలో వాళ్ళమ్మ పక్కనే నిలబడి పిలిచినా వినపడదు. మళ్ళీ చేసింది. ముందరి బోట్లు ఒకదాని వెనక ఒకటి ముఖద్వారం వైపు తిరుగుతున్నాయి.

"అత్తా, నీళ్ళు రావడంలే. ఆపమని చెప్పాల."

మునెమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వొద్దు. బయల్దేరినోణ్ణి ఎనక్కి పిలస్తారా ఎవురైనా? అదీ మొదటి రోజు! మా ఇంట ఎవురూ పిలవలా."

"నిరుడు పిలవలేదు కదత్తా. ఏమయింది?"

మునెమ్మ వేళ్ళు సడలలేదు. కీర్తిక రెండో చేత్తోనే చిన్నదురై నంబరు నొక్కింది.

"ఏంమా, ఇప్పుడా?" అతను తమిళంలో విసుక్కున్నాడు.

"అన్నా, బోటు ఆపండి. పైపులో నీళ్ళు రావడంలే."

"ముల్లు పైకి లేస్తే నీ మొగుడు చెప్పడా?"

"ముల్లు ఇంకా లెయ్యదన్నా. అది లేచేసరికి మీరు రాళ్ళ కాడ ఉంటారు. ఒక్కసారి వంగి చూడండి. నా మాట అబద్ధమైతే అంతా నన్నే తిట్టండి."

చిన్నదురై బోటు అంచు మీదికి వంగడం కనిపించింది. బోటు వేగం తగ్గి, పక్కకు తిరిగి, లంగరు వేసింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతూ దాటిపోయారు.

"ఏం చిన్నదురై, అన్నం మూట మరిచినావా?" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్ళు నవ్వారు.

కీర్తిక నవ్వును పట్టించుకునే స్థితిలో లేదు. రబ్బరు చక్రమేనా? గొట్టాల్లో ఒకటి తను సరిగ్గా చూడలేదా? ఎండ కళ్ళలో పడి ఏదో ఒకదానికి సరేననేసిందా?

నరేంద్రన్ నూనె చేతులతో పైకొచ్చాడు. నీళ్ళు లోపలికొచ్చే దారిలో ఉండే జల్లెడ బుట్ట అతని చేతిలో ఉంది. దాన్ని ఎత్తి గట్టు వైపు చూపించాడు. బంతిపూల రేకులు, పసుపూ నారింజా కలిసి, పచ్చడి ముద్దలా అంచుదాకా కూరుకుని ఉన్నాయి.

"మనం చేసిందంతా బాగుండాది!" అని అరిచాడు. "పూలు! అన్నీ పూలే!"

మునెమ్మ కళ్ళు చికిలించి ఆ బుట్టకేసి చూసింది. "మనవి కావు అవి," అంది. "మనవి కొంచెం ముదురు రంగు."

కీర్తికకు నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళలో నీళ్ళు. తన రెండు దోసిళ్ళూ ఆ ముద్దలోనే ఎక్కడో ఉన్నాయి.

నరేంద్రన్ రేకుల్ని సంచిలోకి దులిపాడు, నీళ్ళలోకి కాదు. బుట్ట కడిగి లోపల పెట్టి వచ్చాడు. ఇంజిన్ దగ్గి, మళ్ళీ నడిచింది. పైపు ఒకసారి గాలి కక్కి, దబదబా పోసింది. చిన్నదురై ఫోన్ చేయలేదు గానీ, గట్టు వైపు చెయ్యి ఒకసారి ఎత్తాడు.

బోటు రెండోసారి కదిలింది. మునెమ్మ బుట్ట అడుగున మిగిలిన మల్లెపూల మూర చేతిలోకి తీసుకుంది. విసరబోయి, నీళ్ళు చూసి, ఆగింది. కోడలి వెనక్కి వెళ్ళి జడలో దోపడం మొదలుపెట్టింది.

"తల తిప్పబాకుమ్మే, జారిపోతాది."

"నేను తిప్పలేదత్తా," అంది కీర్తిక, పైపు మీంచి చూపు తీయకుండా. "బోటే తిరగతా ఉండాది."